ఇల్లు దాటని ఫోల్డరు

మామ చేత నోరు విప్పించడానికి ఝాన్సీకి వానాకాలం మొత్తం పట్టింది.

విషయం అలాంటిది మరి. ఒడ్డుకి బాగా దూరంగా, సముద్రం అడుగున ఒక రాతిగట్టు ఉంది. పైనుంచి చూసేవాడికి అక్కడా నీళ్లే, ఇక్కడా నీళ్లే. కానీ ఆ గట్టు మీద పడినట్టు కోనాం చేప ఆ తీరంలో ఇంకెక్కడా పడదు. అదెక్కడుందో తెలిసిన ఇల్లు పేట మొత్తానికి గంగులుది ఒక్కటే. ఒడ్డున కనబడే కొండనీ, తాటితోపునీ, లైటుహౌసునీ ఒకదానితో ఒకటి సరిచూసుకుంటూ పోతే పడవ సరిగ్గా గట్టు మీదికి చేరుతుంది. ఆ గురుతులు గంగులుకి వాళ్ల నాన్న చెప్పాడు, ఆయనకి వాళ్ల నాన్న చెప్పాడు. చెప్పడం కూడా పడవలోనే, నీళ్ల మీదే, కొడుక్కి మాత్రమే. నేల మీద ఆ ఊసు ఎత్తకూడదు. ఆడవాళ్ల చెవిన అసలు పడకూడదు.

అంత పట్టింపున్న మనిషి కోడలి ఫోను ముందు కూర్చోవలసి వచ్చిందంటే కారణం ఆయన కళ్లు. కంటి నరం పాడైపోయిందనీ, ఉన్న చూపు నిలుపుకోవడమే తప్ప పోయింది తిరిగి రాదనీ డాక్టరు చెప్పేశాడు. పడవలోంచి చూస్తే కొండ ఒక మసక. తాటితోపు అసలే లేదు. పెద్దకొడుకు త్రినాథ్‌ది మందుల ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. చిన్నకొడుకు వినోద్ పెళ్లి వీడియోలు ఎడిటింగు చేసుకుంటాడు, పడవెక్కితే వాడికి వాంతులు. గంగులుతో వేటకి వెళ్లేది ధర్మేంద్ర ఒక్కడే. అతని తండ్రీ గంగులూ ఒకప్పుడు ఒకే పడవలో వేట చేసినవాళ్లు. తండ్రి తుఫానులో పోయాక ధర్మేంద్ర గంగులు పడవలోనే పెరిగి పెద్దవాడయ్యాడు, పెళ్లి చేసుకున్నాడు. ఇంజను అతని చేతిలోనే ఉంటుంది. అయినా గట్టు దగ్గరపడుతోందనగానే ఒడ్డువైపు చూడకుండా తల దించుకుని కూర్చునేవాడు. చూడొద్దని అతనికి ఎవరూ చెప్పలేదు. తనది కాని గుట్టు తను చూడకూడదని అతనికే అనిపించింది.

ఇక త్రినాథ్ పెళ్లాం ఝాన్సీ. పుట్టింది చింతపల్లి తీరంలోనే గానీ, తండ్రి వల వదిలేసి జూట్ మిల్లులో చేరడంతో నెల్లిమర్లలో పెరిగింది. సముద్రం గురించి ఆమెకి తెలిసింది తక్కువ. ఎచ్చెర్ల దగ్గర ఒక కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూసుకుంటుంది. అత్త లేని ఇల్లు. సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చేసరికి మామ అరుగు మీద కూర్చుని, కనబడని సముద్రం వైపు మొహం తిప్పుకుని ఉండేవాడు. అది చూడలేక ఆమే ఉపాయం చెప్పింది. గురుతులన్నీ ఆయన చెబితే తను ఫోనులో రికార్డు చేసుకుని, మ్యాపులో గుర్తుపెడుతుంది. వాటిని జీపీఎస్ మిషన్లోకి ఎక్కిస్తే, పడవ గట్టు మీదికి రాగానే అది కూత పెడుతుంది. కళ్లతో పనే లేదు.

"ఇల్లు దాటకూడదు," అన్నాడు గంగులు చివరికి.

"ఇల్లు దాటదు మావా. పూచీ నాది."

"నువ్వు గాబట్టి సెప్తన్నాను పిల్లా. నా కొడుకులు అడిగితే సెప్పీవోడిని కాను."

ఆ మాటకి ఝాన్సీ పొంగిపోయింది. పెళ్లయి వచ్చాక ఆ ఇంట్లో ఆమెకి దక్కిన పెద్ద గౌరవం అదే.

ఇక్కడ కంప్యూటర్ల గోల కాస్త చెప్పుకోవాలి. ఆ ఇంట్లో కంప్యూటర్లు మూడున్నాయి, మూడింట్లో ఏ రెంటికీ పడదు. త్రినాథ్‌ది విండోస్ డెస్క్‌టాపు. జీపీఎస్ మిషన్లోకి గుర్తులెక్కించే సాఫ్ట్‌వేరు దాని మీద తప్ప నడవదు. వినోద్‌ది సెకండ్ హ్యాండులో కొన్న మ్యాక్. రికార్డింగులోంచి గాలి హోరు తీసేసి మాట తేటగా వినిపించేలా చెయ్యాలంటే అదే గతి. ఝాన్సీది కాలేజీవాళ్లు మూల పడేసిన ల్యాప్‌టాపు. విండోస్ మొయ్యలేక మూలుగుతుంటే లైనక్స్ వేసుకుని బతికించుకుంది, మ్యాపు పని దానిమీద. అంటే మామ అరుగు మీద చెప్పిన ఒక్క ముక్క మిషన్లోకి పోవాలంటే మూడు కంప్యూటర్లూ చుట్టి రావాలి.

మొదట పెన్‌డ్రైవుతో తిప్పారు. దాన్ని వినోద్ మ్యాక్‌కి నచ్చినట్టు ఫార్మాట్ చేసుకున్నాడు. త్రినాథ్ డ్యూటీ నుంచి వచ్చి, కళ్లు మూతలు పడుతుండగా దాన్ని తన డెస్క్‌టాపుకి పెట్టాడు. ఈ డిస్కు వాడుకోవాలంటే ఫార్మాట్ చెయ్యాలి, చెయ్యమంటారా అని విండోస్ ఎంతో మర్యాదగా అడిగింది. అంత మర్యాదగా అడిగినదాన్ని కాదనడమెందుకని త్రినాథ్ సరేనన్నాడు. మొదటి రికార్డింగు మొత్తం గాలికి పోయింది. ఫోనులో జాగా లేదని ఝాన్సీ అక్కడ అంతకుముందే తీసేసింది.

మళ్లీ చెప్పనని గంగులు మొండికేశాడు.

"ఒకపాలి సెప్పినాను. ఇదేటి పురాణమా, దినమూ సదవడానికి?"

ఝాన్సీ కాళ్లావేళ్లా పడితేగానీ రెండోసారి నోరు తెరవలేదు. ఇది కూడా పోగొడితే ఇక మూడోసారి ఉండదని ఆమెకి తెలిసిపోయింది. అందుకే త్రినాథ్‌కి సెలవున్న ఆదివారం చూసి, మూడు కంప్యూటర్లకీ ఒకే ఫోల్డరు కనబడేలా చేసేద్దామని కూర్చుంది. డెస్క్‌టాపులో ఒక ఫోల్డరు ఉంటుంది, వైఫై మీద ముగ్గురూ దాన్నే తెరుచుకుంటారు, దాంట్లోనే పని చేసుకుంటారు. పెన్‌డ్రైవు పీడ విరగడవుతుంది.

చెప్పుకోవడానికి తేలికే. 'మావ గొంతు' అని పేరు పెట్టి ఫోల్డరుకి షేరింగు ఆన్ చేసింది. ల్యాప్‌టాపులో వెతికితే డెస్క్‌టాపు జాడ లేదు. వైఫై 'పబ్లిక్' అని ఉందని చూసుకుని 'ప్రైవేటు' అని మార్చింది. ఈసారి కనబడింది, లోపలికి మాత్రం రానివ్వదు. పాస్‌వర్డ్ చెప్పమంటుంది. త్రినాథ్ రోజూ పిన్ నొక్కి తెరుస్తాడు, ఆ పిన్ ఇక్కడ చెల్లదట.

"అసలు పాస్‌వర్డ్ ఏటి బావా?"

"కొన్నప్పుడు సాపులో ఆయన పెట్టినాడు. ఆయనకే తెలియాల."

"అయితే ఆ సాపుకి ఫోన్ సెయ్యి."

"ఆ సాపు నేదిప్పుడు. అక్కడ బిర్యానీ సెంటర్ పెట్టినారు."

మ్యాక్‌ది ఇంకో రకం తీరు. అన్నిటికీ తలూపుతుంది, తీరా నొక్కితే రంగుల చక్రం తిప్పుతూ కూర్చుంటుంది. వండిన అన్నం చల్లారిపోయింది. వినోద్ విసుక్కుని బయటికి పోయాడు. ఝాన్సీకి కళ్లమ్మట నీళ్లొక్కటే తక్కువ. ఆఖరికి సెట్టింగుల్లో ఎక్కడో లోపల పాస్‌వర్డ్ అడగడమే మానిపించే వీలు ఒకటి కనబడింది. దాన్ని నొక్కింది. ఫోల్డరు ఎవరికి చూపించాలని అడిగిన చోట 'ఎవ్రీవన్' అని ఎంచి, అన్ని హక్కులూ ఇచ్చేసింది. ఇంకేముంది, ల్యాప్‌టాపులోనూ మ్యాక్‌లోనూ ఫోల్డరు టక్కున తెరుచుకుంది.

'ఎవ్రీవన్' దగ్గర ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగిన మాట నిజం. ఎవ్రీవన్ అంటే ఎవరు, ఇంట్లోవాళ్లమే కదా అనుకుంది. అయినా ఇచ్చిన మాట ఉంది గనక, మర్నాడు కాలేజీ ల్యాబులో కూర్చుని ఆ ఫోల్డరు తెరవడానికి తనకి తెలిసిన దార్లన్నీ తొక్కి చూసింది. తెరుచుకోలేదు. బయటివాళ్లకి అందదని రూఢి చేసుకుని, నిశ్చింతగా టీ తాగింది.

మిషను తయారై మొదటిసారి వేటకి వెళ్లిన రోజు గంగులు తిరిగొచ్చిన తీరు పేటంతా చూసింది. గట్టు మీదికి రాగానే అది కూత పెట్టిందట. కోనాం చేపల్ని ఇసుక మీద పోసి, ఆయన అందరూ వినేలా అరిచాడు.

"నా కళ్లు ఎవులికాడున్నాయో తెలుసునేటి? ఈ పిల్ల సేతిలో ఉన్నాయి!"

ఝాన్సీ సిగ్గుతో ఇంట్లోకి పారిపోయింది. పక్కన ధర్మేంద్ర నవ్వుతూ వల దులుపుతున్నాడు.

ఆ సంతోషం కార్తీకం దాటలేదు. ఒకనాడు పొద్దెక్కేలోపే గంగులు పడవ ఉత్తి వలతో తిరిగొచ్చింది. ధర్మేంద్ర ఆయన్ని చెయ్యి పట్టి దించాడు. ఇంటికొచ్చి గంగులు కాళ్లు కూడా కడుక్కోకుండా అరుగు మీద కూలబడ్డాడు.

"ఏటయింది మావా?" అంది ఝాన్సీ.

"ఇంజన్లు ఇన్నాను. గట్టు మీద. ఒకటి కాదు, మూడు నాలుగు. సంత నాగున్నాది అక్కడ."

అందరికంటే ముందు అక్కడ వల వేసింది శివాజీ అని ధర్మేంద్ర చెప్పాడు. శివాజీ అంటే పరాయివాడు కాదు. గంగులు అక్క తాతమ్మ కొడుకు, పక్కిల్లే. అతను వెళ్లడం చూసి తక్కినవాళ్లు వెంటపడ్డారు. త్రినాథ్ పోయి నిలదీస్తే శివాజీ నీళ్లు నమిలాడు. సముద్రం ఎవడబ్బ సొమ్మూ కాదన్నాడు, చేప ఎక్కడుంటే అక్కడికి పోతానన్నాడు. ఎవరు చెప్పారంటే మాత్రం నోరు మెదపలేదు.

ఎవరు చెప్పి ఉంటారు? ఇంట్లోవాళ్లు చెప్పరు. గట్టు మీదికి పోయి వచ్చే మనిషి ఇంకొక్కడే ఉన్నాడు. పైగా కిందటి వారం శివాజీతో కలిసి టీ తాగుతూ కనబడ్డాడని ఎవరో అన్నారు. పేటలో టీ తాగడానికి ఉన్నది ఒకటే బడ్డీ అన్న సంగతి అప్పుడు ఎవరికీ గుర్తు రాలేదు. గంగులుకీ గుర్తు రాలేదు. నమ్మకం ఎంత పెద్దదైతే అది విరిగినప్పుడు మనిషి అంత గుడ్డివాడవుతాడు, ఆయనకి ఆ గుడ్డితనం కూడా అప్పుడే వచ్చింది.

గంగమ్మ గుడి ముందు పెద్దలు కూర్చున్నారు. అరచేతిలో వెలిగించిన కర్పూరం ఆర్పి, నేను చెప్పలేదు అంటే సరిపోతుంది. అది అక్కడి పద్ధతి. కర్పూరం ఆర్పిన మనిషిని ఆ తర్వాత ఎవరూ అనుమానించరు. ఝాన్సీ ఆడవాళ్ల గుంపులో నిలబడి, ఆర్పేస్తాడు, గొడవ వదిలిపోతుంది అనుకుంది.

ధర్మేంద్ర కర్పూరం వైపు చూడనేలేదు. గంగులు వైపే చూశాడు.

"నానెలాంటోడినో నీకు తెల్దేటి మావా?"

గంగులు మొహం సముద్రం వైపు తిప్పుకున్నాడు.

"నీకు తెల్దంటే కర్పూరం సెప్తాదేటి?"

అంతే. ఇంజను తాళం మెట్టు మీద పెట్టి వెళ్లిపోయాడు. ప్రమాణం చెయ్యలేదంటే తప్పు ఒప్పుకున్నట్టేనని పెద్దలు తేల్చేశారు. ఇంటి గుట్టు అమ్ముకున్నవాడిని ఏ పడవలో ఎక్కించుకుంటారు? ఎవరూ ఎక్కించుకోలేదు. కొన్నాళ్లు ఇంట్లో కూర్చున్నాడు. తర్వాత, గుజరాత్‌లో వేరావల్ బోట్లకి మనుషుల్ని తీసుకుపోయేవాడి దగ్గర పేరు రాయించుకున్నాడని తెలిసింది. వేరావల్ అంటే మళ్లీ వేసవి దాకా ఇంటి మొహం చూడటం ఉండదు.

ఒక మధ్యాహ్నం ఝాన్సీ చేపల పులుసు గిన్నెతో తాతమ్మ ఇంటికి వెళ్లింది. రెండిళ్ల వెనకా ఉన్నది మోకాలెత్తు గోడ, అదీ సగం కూలిపోయింది. శివాజీ మీద మగవాళ్లకి ఎంత మంటగా ఉన్నా, గిన్నెలు అటూ ఇటూ తిరగడం ఆగలేదు. లోపలికి అడుగు పెట్టబోతుంటే మామ గొంతు వినబడింది.

"లైటుహౌసు తాటితోపు ఎనక్కి ఎల్లిపోయిందాకా పోవాల. అప్పుడు కొండ మొన సూడు. ఆ మొన నీళ్ల ట్యాంకు మీదికొచ్చీదాకా కదలకు..."

మామ ఇక్కడికెప్పుడొచ్చాడా అనుకుంది. లోపల మామ లేడు. గోడకి కొత్త టీవీ ఉంది. టీవీ తెర మీద 'మావ గొంతు' అన్న అక్షరాలు ఉన్నాయి. తాతమ్మ నేల మీద కాళ్లు చాపుకుని, కొంగుతో కళ్లొత్తుకుంటూ వింటోంది. శివాజీ పెళ్లాం అనిత చేతిలో రిమోటు ఉంది.

"రా వదినా. సూసినావా, మా టీవీలో మీ ఇల్లొస్తాది," అంది అనిత, ఎంతో సరదాగా.

ఝాన్సీ గిన్నె గడప దగ్గరే పెట్టేసింది. అనిత తన ధోరణిలో చెప్పుకుపోతోంది. టీవీలో సినిమాలు చూసే ఆప్ ఒకటి వేసుకున్నారట. అందులో నెట్‌వర్కు అని ఉంటే ఏమిటో అని నొక్కారట. త్రినాథ్ కంప్యూటర్ పేరు కనబడిందట. ఏ తాళమూ లేదు, నొక్కితే వచ్చేసింది.

వైఫై! ఝాన్సీకి అప్పుడు తెలిసింది. ఫైబర్ లైను గంగులు ఇంటికి వేసిన రోజే పాస్‌వర్డ్ తాతమ్మ ఇంటికి చెప్పారు. ఇచ్చారనుకోవడం కూడా తప్పు, ఇవ్వకుండా ఎలా ఉంటారు? కూర గిన్నె ఇచ్చినట్టే అదీ గోడ దాటింది. కాలేజీలో కూర్చుని లోకం మొత్తానికి తాళం పడిందో లేదో చూసింది గానీ, కూలిన గోడ అవతల మనుషులు ఉన్నారన్న ఆలోచనే రాలేదు. తాతమ్మ ఇల్లు బయటివాళ్ల ఇల్లని ఎవరనుకుంటారు?

"అత్తా, ఇది ఎవులికీ వినిపించకూడదు," అంది ఝాన్సీ.

"ఎవులికీ అంటే? నానెవుల్నే?" తాతమ్మ ఇటు తిరిగింది. "సెప్తన్నోడు మా తమ్ముడే, మాట మాత్రం మా నాయినది. సిన్నప్పుడు పడవ మీద సెయ్యేస్తే మా నాయిన నన్ను ఈపు సిట్లగొట్టినాడు. ఆడపిల్లవి నీకెందుకే అన్నాడు. గట్టు గట్టు అని ఇంట్లో గుసగుసలాడీవోరు, నానొస్తే ఆపీసీవోరు. ఇన్నాళ్లకి ఇన్నాను. పోయేలోపల ఇన్నాను."

ఝాన్సీకి కోపం తెచ్చుకోవాలని ఉంది, రావడం లేదు.

"శివాజీ అన్నయ్య కూడా విన్నాడా?"

"ఇన్నాడు. దొంగతనమేటి? టీవీలో వచ్చినాది. ఆ వైఫై మీరిచ్చిందే."

"మరి ధర్మేంద్రని గుడి ముందు నిలబెడితే అన్నయ్య ఎందుకు సెప్పలేదు?"

అనిత టీవీ గొంతు తగ్గించింది.

"గుడికాడ ఆయన్నెవులూ అడగలేదు వదినా," అంది మెల్లిగా. "అడిగితే సెప్పీవోడే."

ఝాన్సీ ఇంటికొచ్చి ముందు చేసిన పని షేరింగు ఆపేయడం. ఆపేసింది గానీ ఏం లాభం? గట్టు మీద పేటంతా వలలు వేస్తోంది. త్రినాథ్ రాగానే జరిగిందంతా చెప్పింది. అతను లేచి వీధి తలుపు దగ్గరగా వేసొచ్చాడు.

"నాన్నకి సెప్పకు," అన్నాడు.

"ధర్మేంద్ర అన్నయ్య..."

"ఎలాగా ఎల్లిపోతన్నాడు గదా. సెప్తే ఏటవుద్ది? నాన్నా శివాజీ బావా కొట్టుకు సస్తారు. తాతమ్మత్త గుండె పగిలి సస్తాది. నాన్న నీ మొకం కూడా సూడడు. అదొకటి మిగిలుంది, అదీ పోగొట్టుకుంటావేటి?"

అతను చెప్పినదాంట్లో అబద్ధమేమీ లేదు, అదే ఆమెని తినేసింది. రెండిళ్ల గొడవ గురించి కాదు ఆమె భయం. నువ్వు గాబట్టి చెప్తున్నానన్నాడు మామ. ఆ నమ్మకం పోతుందని భయం. దానికోసం ఒక మనిషి పరువు తాకట్టు పెట్టి కూర్చున్నానని సిగ్గు. ఆ రోజు చెప్పలేదు. మర్నాడూ చెప్పలేదు. మామకి అన్నం వడ్డిస్తుంటే ఆయన తల ఎత్తి, "ఉప్పు సరిపోనాది పిల్లా" అన్నాడు. ఆమె గిన్నె తీసుకుని వంటింట్లోకి పోయింది.

కుళాయి దగ్గర ధర్మేంద్ర పెళ్లాం దేవి ఎదురుపడింది. అందరూ పట్టుకున్నాక పట్టుకుందామని బిందె పక్కన పెట్టుకుని దూరంగా నిలబడి ఉంది. ఎవరూ ఆమెతో మాట్లాడటం లేదు. ఝాన్సీని చూసి దగ్గరికొచ్చింది.

"వదినా, నీకు కంప్యూటర్లో తెలుస్తాది గదా. ఆ వేరావల్‌లో సలి ఎక్కువంటన్నారు. నిజమేనా? రగ్గు కొనాలేటి?"

ఝాన్సీ ఫోను తీసి చూసి, రాత్రిళ్లు చలిగానే ఉంటుందని చెప్పింది. దేవి తల ఊపి బిందె దగ్గరికి వెళ్లిపోయింది. ఝాన్సీ తన బిందె అక్కడే వదిలేసి ఇంటి వైపు నడిచింది. కొంత దూరం పోయాక పరుగెత్తింది.

గంగులు అరుగు మీద పాత వల తడుముకుంటూ చిరుగులు వెతుకుతున్నాడు. ఝాన్సీ ఆయన కాళ్ల దగ్గర కూర్చుని, ఆగకుండా చెప్పేసింది. ఫోల్డరు, ఎవ్రీవన్, వైఫై, టీవీ, అన్నీ. ఆయనకి సగం అర్థం కాని మాటలే. అర్థం కావలసింది అర్థమైంది.

"టీవీలోనా?"

"టీవీలోనే మావా. ధర్మేంద్ర అన్నయ్య ఏటీ సెయ్యలేదు. నా వల్లే పోయింది. ఇల్లు దాటదని నేనే సెప్పాను."

"మా తాతమ్మప్ప ఇన్నాదా?"

"విన్నాది. ఏడిసింది."

ఆయన వేళ్లు వల మీద ఆగిపోయాయి. తిడతాడని ఆమె తల వంచుకుని ఎదురుచూసింది. కొట్టినా బాగుండుననిపించింది.

"ఆడు దొంగనుకుని ఇన్నాళ్లూ కూడు తింతన్నాను," అన్నాడు గంగులు. "నన్ను మోసం సేసినాడనుకుంటే ఓర్సుకోగలిగినాను. ఇప్పుడు మోసం సేసినోడిని నానయినాను. నువ్వు సెప్పకుండా ఉండాల్సింది పిల్లా."

ఆమె గట్టిగా ఏడ్చేసింది.

"కాదులే," అన్నాడు వెంటనే. "సెప్పినావు, మంచిపని. ఆడు ఊళ్లో ఉన్నాడా?"

"రేపు బండి."

"పద. సెయ్యి పట్టుకో."

ధర్మేంద్ర ఇల్లు పేట చివర. గంగులు దారిలో ఎవరి పలకరింపుకీ ఆగలేదు. ఆయన కోడలి చెయ్యి పట్టుకుని ఎండలో పోతుంటే, ఏదో ఉందని పసిగట్టి నలుగురూ వెనక నడిచారు. ధర్మేంద్ర వాకిట్లో బ్యాగు సర్దుకుంటున్నాడు. గంగులు వాకిలి బయటే నిలబడి, పేటంతా వినేలా గొంతెత్తాడు.

"ఇనండ్రా అందరూ. ధర్మేంద్ర తప్పు నేదు. గుట్టు మా ఇంట్లోంచే పోనాది. మా సేతులారా పోగొట్టుకున్నాం. ఈడిని గుడి ముందు నిలబెట్టినోడిని నాను. తప్పు నాది."

ఆ గుంపులో శివాజీ కూడా ఉన్నాడు. తల దించుకుని వెనక్కి తప్పుకున్నాడు. ఝాన్సీ ధర్మేంద్ర మొహం వైపే చూస్తోంది. ఇప్పుడు కేకలేస్తాడు, బ్యాగు విసిరికొడతాడు, అని ఎదురుచూసింది.

ధర్మేంద్ర లోపలికి పోయి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చాడు. భుజం మీది తువ్వాలుతో దాన్ని తుడిచాడు.

"కూర్చోండి గంగులు గారూ. ఎండన పడొచ్చారు. దేవీ, వీరికి మంచినీళ్లియ్యి."

గంగులు కుర్చీ కోసం చాచిన చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

"ఒరే. గారేట్రా?"

"పెద్దవారు కదండీ."

"ఒరే నన్ను తిట్టరా. నీ నోటికొచ్చింది తిట్టు. రేపు పొద్దున్నే పడవ తీద్దాం. గట్టు పోనాది, పోనీ. ఇంకోకాడికి పోదాం. నువ్వు నేకపోతే నానెక్కడికి పోతాన్రా?"

"నాకు మీమీద కోపం లేదండి." ధర్మేంద్ర గొంతులో నిజంగానే కోపం లేదు. "ఇంతమందిలో వచ్చి చెప్పారు, అది చాలండి. మా దేవికి కుళాయి దగ్గర మాట పడకుండా ఉంటుంది. టిక్కెట్టు తీసేశానండి. వెళ్లాలి."

దేవి తెచ్చిన నీళ్ల గ్లాసు గంగులు అందుకోబోయాడు. చెయ్యి పక్కకి పోయింది. ఝాన్సీ గ్లాసు తీసి ఆయన చేతిలో పెట్టింది. తాగినట్టే పెదాలకి ఆనించి తిరిగి ఇచ్చేశాడు.

వెనక్కి వస్తుంటే ఆయన అడుగులు తడబడ్డాయి. చూపు లేకపోవడం వల్ల కాదు. దారి ఆయనకి తెలిసిందే. ఝాన్సీ భుజం మీద చెయ్యి వేసుకుని నడిచాడు.

"ఇన్నావా పిల్లా? అండీ అన్నాడు."

"విన్నాను."

"పుట్టిన కాడ్నుంచి ఎరుగుదును ఆడ్ని. ఆడి నాయిన పోయినప్పుడు నా మెడ పట్టుకుని ఏలాడినాడు. ఒక్కమాట తిట్టలేదు సూడు."

ఆ ఫోల్డరు మొత్తం తీసి పారేస్తాను అందామనుకుంది ఝాన్సీ. తీసి పారేస్తే ధర్మేంద్ర ఉండిపోతాడా? ఆ మాట మింగేసింది. గంగులు నిలబడ్డాడు. ఆమె భుజం మీద చెయ్యి తియ్యలేదు.

"నువ్వు సేసింది తప్పే," అన్నాడు. "నాను సేసింది ఇంకా పెద్దది. నీకు నామీద కోపమున్నా, నాకు నీమీద కోపమున్నా, నువ్వు మాత్రం నన్ను అలాగ పిలవకు. పిలవ్వు గదా?"

"పిలవను."

"ఏటని పిలుస్తావు?"

"మావా," అంది ఝాన్సీ. అలల హోరు గట్టిగా ఉంది. ఆయన వినలేదనుకుని మళ్లీ పిలిచింది.